కూర్మారావు మేస్త్రీ వేసిన ముడి

ఈ ఉదయం జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్లు కాలిన మోటారు తెచ్చి దించారు. మూత విప్పగానే మాడిన వార్నిష్ వాసన గుప్పుమంది. పలాసలో ఇన్నేళ్లుగా వైండింగ్ షాపు నడుపుతున్నా, ఆ వాసనకు నాకిప్పటికీ కూర్మారావు మేస్త్రీ గుర్తొస్తారు.

ఐటీఐ అయ్యాక, ఆడపిల్లకెందుకీ పని అనకుండా నేర్పింది ఆయనే. కాలిన మోటారు వస్తే వెంటనే తీగ చుట్టనిచ్చేవారు కాదు. "ఎందుకు కాలిందో సెప్పమ్మా ముందు. అది తెలీకుండా సుట్టేత్తే మళ్లీ కాల్తాది" అనేవారు. వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుందని, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మూలుగుతూ మాడిపోతుందని అలా తెలిసింది.

ఒక తుఫాను తరువాత ఉద్దానం తీరాన ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లాం. ఊరికి కరెంటు లేక మంచినీళ్ల మోటారు తిరగడం లేదు. స్తంభం మీద, కరెంటు వెనక్కి వెళ్లే న్యూట్రల్ తీగ తెగి వేలాడుతోంది, అది కలిపేదాకా లైను వెయ్యరు, లైన్‌మన్ ఇంకెక్కడో విరిగిన స్తంభాల దగ్గర చిక్కుకున్నాడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలు చూపించి బతిమాలారు. లైను ఆపి ఉందని ఫోనులో కనుక్కుని మేస్త్రీ ఎక్కారు. అల్యూమినియం తీగకు చేతిలో ఉన్న రాగి ముక్క మెలేసి ముడి వేశారు. "ఇది నాలుగు రోజులకే. వొచ్చి మారుత్తాను" అన్నారు. కింద నిచ్చెన పట్టుకున్నది నేను. ఆ తరువాత పనుల్లో పడి ఇద్దరం మరచిపోయాం.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం ఆ ఊరి నుంచి ఫోను, ఇళ్లలో సామాన్లన్నీ కాలిపోయాయని. మేస్త్రీ, నేనూ వెళ్లేసరికి వీధంతా మాడు వాసన. కొన్ని ఇళ్లలో బల్బులు మిణుకుమన్నాయట, పక్కిళ్లలో భగ్గున వెలిగి పేలిపోయాయట. టీవీలు, ఫ్రిజ్‌లు పోయాయి. ఒక ఇంట్లో ఫ్యాను అంటుకుని, కరిగిన ముక్కలు ఉయ్యాల మీద పడ్డాయి. స్నానానికని తల్లి అప్పుడే బిడ్డను ఎత్తుకుంది. నల్లగా కాలిన ఆ ఉయ్యాల గుడ్డ ఇంకా వేలాడుతోంది.

జనం వెల్డింగ్ షాపు తాతారావు మీద పడ్డారు. అతను మిషను వేసినప్పుడల్లా ఊళ్లో లైట్లు వణికేవి, అనుమానం అతని మీదికే పోయింది. "నాను సెయ్యనేదు బావా!" అని ఏడుస్తున్నాడు. అప్పుడే లైన్‌మన్ స్తంభం దిగి, పచ్చగా చిలుము పట్టి తెగిన ముడి చూపించాడు. "న్యూట్రల్ ఊడిపోయింది. ఇళ్లలోకి రెట్టింపు వోల్టేజీ వొచ్చేసింది. ఇది కట్టినోడెవుడో?"

తుఫాను హడావిడిలో ఎంతోమంది స్తంభాలెక్కారు, ఈ ముడి ఎవరిదో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

"నేనే" అన్నారు మేస్త్రీ. "రాగీ అల్యూమినియం కలిపి మెలేసినాను. ఉప్పుగాలికి తినేసింది. మారుత్తానని మరిసిపోనాను. తాతారావుని వొగ్గీండి."

ఒక కుర్రవాడు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు, గుండీలు తెగాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. బిడ్డ తల్లి మాత్రం దగ్గరికొచ్చి, "నీకూ పిల్లలున్నారు కదా, ఎలా మరిసిపోనావు?" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "ఎందుకు చెప్పారు మేస్త్రీ గారూ? ఎవరికీ తెలిసేది కాదు."

"నీకు తెలుసు కదమ్మా" అన్నారు. "నేను నోరు మూసుకుంటే, నీకు నేర్పిందేటి?"

కాలిన ఫ్యాన్లన్నీ ఆయన చుట్టి ఇచ్చారు. ఆ ఊరివాళ్లు తీసుకున్నారు గాని మళ్లీ పనికి పిలవలేదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయనకు నేను చెప్పనిది ఒకటి ఉంది. లైన్‌మన్ ఆ ముడి చూపించిన క్షణాన, మేస్త్రీ పలకకుండా ఉంటే చాలని దేవుడికి మొక్కుకున్నాను. ఎదురుగా తాతారావు ఏడుస్తూనే ఉన్నాడు.