పెద్దక్కకు చీర

నా చిన్నప్పుడు మా పెదనాన్న అంత జాగ్రత్తగా పెళ్లి చేసినవాడు కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఈ మాట మెచ్చుకుంటూ అంటున్నానో ఎత్తిపొడుస్తున్నానో నాకే తెలియదు, రెండూ ఉన్నాయనుకోండి. కూతురి పెళ్లి కుదిరిన రోజు నుంచి ఆయన నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. పెళ్లిళ్లలో ఎవరికీ పట్టని చిన్నచిన్న సంగతులన్నీ ఆయనకు పట్టేవి. పూలదండ దారం తెంపడానికి కత్తెర ఎవరి దగ్గరుంటుంది, మగపెళ్లివారి బస్సు డ్రైవరుకు అన్నం ఎవరు పెడతారు, పళ్లులేని ముసలివాళ్లకు మెత్తగా వండింది విడిగా ఉందా లేదా, ఇవీ ఆయన బెంగలు. చుట్టూ అగ్గిపెట్టెలు చేసే ఊళ్లే అయినా, మా వైపు ప్రతి పెళ్లిలోనూ హోమం ముందు అయ్యవారు అగ్గిపెట్టె ఏదని అరవడం, అందరూ జేబులు తడుముకోవడం మామూలు. మా పెదనాన్న ముందు నుంచే అగ్గిపెట్టె నడుముకు దోపుకుని తిరిగాడు.

మాది నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, వేరుశనగ, అంతా వానను నమ్ముకున్న సేద్యం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పెదనాన్న, పెద్దమ్మ, మా అవ్వ, మా అమ్మానాన్నలు, నేను, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. పెద్దమ్మకు ఇద్దరు కూతుళ్లు. ఆ పెళ్లి చిన్నక్కది. పెద్దక్కను నేను ఎరగను, నేను పుట్టకముందే పోయింది. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో ఊళ్లో ఆడపిల్లలు ఏళాయిరంపన్నై వైపు పటాసులు చేసే షెడ్లకు పనికి పోయేవాళ్లట. తెల్లారకముందే లారీ వచ్చి ఎక్కించుకుపోయేది. పెద్దక్క పోనని మొండికేస్తే మా అవ్వే తోలింది. ఒకరోజు మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. ఇంటికి తెచ్చింది ఒక గుడ్డమూట. విప్పి చూపమని పెద్దమ్మ ఎంత ఏడ్చినా విప్పలేదట.

ఇదంతా పెద్దయ్యాక నాకు తెలిసిన కథ. చిన్నప్పుడు తెలిసిందల్లా, అవ్వా పెద్దమ్మా ఒకే పొయ్యి దగ్గర వండుతూ కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోరని. అన్నం వడ్డించేటప్పుడు కూడా పెద్దమ్మ కంచం వైపు చూసేది కానీ అవ్వ వైపు చూసేది కాదు.

మా వైపు పెళ్లికాకుండా పోయిన ఆడపిల్లను ఇంటి కన్ని అంటారు. పోయినా ఆమె ఇల్లు విడవదని నమ్మకం. మూత ఉన్న తాటాకు పెట్టెలో ఆమెకని కొత్త పావడా, గాజులు, రిబ్బను పెట్టి దూలానికి కడతారు. ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా ముందు ఆ పెట్టె దించి, పాతవి తీసి కొత్తవి ఉంచి, దీపం పెట్టి, ఆమెతో చెప్పాకే మిగతా పని. పెదనాన్న దీన్నీ మరిచిపోలేదు. కోవిల్‌పట్టిలో ఒకే తానులోంచి ఆకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చి నాకొక పావడా, ఆమెకొక పావడా కుట్టించాడు. కొలతకు దర్జీ ముందు నిలబడింది నేనే. ఇద్దరికీ ఒకే కొలత చాలని ఆయన అన్నప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకైతే గర్వంగా ఉంది.

పెళ్లికొడుకుది వత్రాప్ అనే ఊరు. ఆ ఇంటివాళ్లకు పెద్దక్క సంగతి చెప్పలేదు. కాలిపోయిన పిల్ల ఉన్న ఇల్లని తెలిస్తే సంబంధం వదులుకుంటారని పెదనాన్నకు భయం. తాళి పడేదాకా ఆమె పేరెత్తవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడు. అందుకే పెళ్లిరోజు పొద్దున ఆ పూజ కూడా వేరుశనగ మూటలుండే వెనక గదిలో, తలుపు దగ్గరికి వేసి, పెద్దమ్మ ఒక్కతే చేస్తోంది.

నా కొత్త పావడా చూపించుకుందామని నేను లోపలికి పరుగెత్తాను. దీపం ముందు చాటలో ఆకుపచ్చ పావడా మడతపెట్టి ఉంది. పెద్దమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. లేచి తలుపు గడియ వేసింది. చాటలోని పావడా తీసి నా నడుముకు ఆనించి చూసింది. సరిగ్గా నా చీలమండల దాకా వచ్చింది. ఆమె దాన్ని మళ్లీ చాటలో వేసి, మూటలకు చేరగిలబడి నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"చిన్నదానికి పట్టుచీర, పెద్దదానికి పావడానా? ఇన్నేండ్లకీ నా బిడ్డ ఎదగనేలేదా?" అంది. నాతో అనలేదు. ఎవరితో అందో నాకు తెలియదు.

బయట నాదస్వరం మొదలైంది. బస్సు హారను వినిపించింది. కాసేపటికి పెదనాన్న తలుపు కొట్టాడు. "ఏమ్మే, మాపిళ్ల ఇంటోల్లు వచ్చేసినారు. నేరమాయ, కదవు తీయి!" అని మొదట కసిరాడు, మగపెళ్లివారు వచ్చారు, పొద్దుపోతోంది, తలుపు తీయమని తర్వాత బతిమాలాడు. కన్యాదానంలో నీళ్లు పోయాల్సింది తల్లి. ఆమె రాకపోతే పెళ్లి ఆగుతుంది, ఎందుకు రాలేదని వాళ్లు అడుగుతారు, దాచిందంతా బయట పడుతుంది. చిన్నక్క కూడా వచ్చి తలుపుకు ముఖం ఆనించి, "అమ్మా, నేనేమి చేసినాను?" అని ఏడ్చింది. పెద్దమ్మ చెవులు మూసుకుంది. నాకు భయమేసి నేనూ ఏడ్చాను.

అప్పుడు మా అవ్వ వచ్చింది. అందరినీ అక్కడి నుంచి పొమ్మంది. గడప దగ్గర కూర్చున్నట్టుంది, ఆమె గొంతు తలుపు అడుగు నుంచి వచ్చింది.

"మే, దాన్ని తోలింది నేను. పోనంటే కొట్టి తోలినాను. ఇన్నేండ్లూ నీతో ఆ మాట చెప్పలేకపోతిని. నన్నేమైనా చెయ్యి. కదవు మాత్రం తీయి."

పెద్దమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. తర్వాత, "పెద్దదానికి చీర లేకుండా చిన్నదానికి తాళి వద్దు," అని మాత్రం అంది.

ముహూర్తం దగ్గరపడుతుంటే ఎక్కడి నుంచి తెస్తారు చీర? కన్నికి పెట్టేది ఎవరూ కట్టనిదై ఉండాలి. అవ్వ లేచి వెళ్లి, మళ్లీ వచ్చి చీర తెచ్చినానంది. పెద్దమ్మ గడియ తీసింది. అవ్వ చేతిలో ఉన్నది, పెళ్లికూతురి అవ్వకని మగపెళ్లివారు మర్యాదగా పెట్టిన చీర. ముదురు ఎరుపు పట్టు, మడత విప్పలేదు. పెళ్లిలో ఆమె అది కట్టుకుని వాళ్లకు ఎదురుపడాలి. అవ్వే చాటలోంచి పావడా తీసేసి చీర పెట్టింది. పెద్దమ్మ దాని మడత సరిచేసి అంచు పైకి వచ్చేట్టు తిప్పింది. చిన్న గాజులు పక్కకు నెట్టి, పెళ్లి గాజుల బుట్టలోంచి పెద్ద చేతివి తెమ్మని నన్ను పంపింది. నేను తెచ్చేసరికి ఇద్దరూ దీపం ముందు ఎడం ఎడంగా కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారు. ఒకరినొకరు ఓదార్చుకోలేదు.

పెద్దమ్మ ముఖం కడుక్కుని పందిట్లోకి వెళ్లింది. అవ్వ వెలిసిపోయిన నూలుచీరతోనే వెళ్లింది. పెళ్లికొడుకు తల్లి అది చూడనే చూసింది. తాము పెట్టిన చీర మీ అంతస్తుకు చాలలేదా అని అందరి ముందూ అడిగింది. పెదనాన్న ఏదో సర్దబోయాడు. అవ్వ ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"ఇంట్లో ఇంకొక పెండ్లికాని పిల్ల ఉండాది. దానికి ఇచ్చినాను," అంది.

"ఏడ ఉండాది?"

"పట్టాసు షెడ్డులో కాలిపాయ."

కత్తెరా, డ్రైవరు భోజనమూ గుర్తుపెట్టుకున్న పెదనాన్న పందిరి గుంజ పట్టుకున్నాడు. పెళ్లికొడుకు తల్లి భర్త చెవిలో ఏదో చెప్పింది. వాళ్లు మాట్లాడుకున్నంతసేపూ చిన్నక్క తల వంచుకుని పీటల మీద కూర్చునే ఉంది. చివరికి పెళ్లికొడుకు తండ్రి విసుగ్గా అయ్యవారికి కానివ్వమని చెయ్యి ఊపాడు. పెద్దమ్మ నీళ్లు పోసింది. పెళ్లయింది.

అయింది కానీ, అవ్వ చెప్పిన నిజానికి చిన్నక్క చాలా ఏళ్లు మాటలు పడింది. ఆ ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినా, ఆవు చచ్చినా, మీ అక్క చూపు తగిలిందని అనేవాళ్లట. అవ్వ చేసింది మంచిదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. పెద్దమ్మ ఆమెను క్షమించిందా అంటే, లేదనే చెప్పాలి. ఆ తర్వాత వడ్డించేటప్పుడు అవ్వ ముఖం చూసి ఇంకొంచెం వెయ్యనా అని అడిగేది. అంతవరకే. దానికే మా అవ్వ కళ్లు తుడుచుకునేది.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక పని అంటుకుంది. మా ఇళ్లలో ఏ పెళ్లి వచ్చినా పెద్దక్క చీర నేనే తెస్తాను. ఆమె ఉండి ఉంటే ఇప్పుడెంత వయసో, ఆ వయసుకు తగినది. మా అబ్బాయి పెళ్లినాటికి పెద్దమ్మకు చూపు ఆనేది కాదు. చీర చేతికిస్తే అంచు తడిమి రంగేమిటని అడిగింది. ఊదా, మరీ ముదురు కాదన్నాను. "మేలు. ఈ వయసులో ముదురు రంగు కడితే దానికి సిగ్గు," అంది. ఆమె అంత మామూలుగా కూతురి గురించి మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

మొన్న చిన్నక్క మనవరాలికి విరుదునగర్‌లో పెళ్లి. అన్నీ చూసుకోవడానికి డబ్బిచ్చి మనుషులను పెట్టుకున్నారు. ఫోటోలు తీసుకునే చోటికి కూడా పూలతో గోడ కట్టారు. పెట్టె సంగతి నేనెత్తితే, ఇప్పుడవన్నీ ఎందుకు అవ్వా అన్నారు. నేనే చీరల కొట్టుకు వెళ్లాను. కొట్లో పిల్ల జరీ చీరలు పరిచింది. మా అక్కకమ్మా, డెబ్బై దాటాయి, బరువు చీర కట్టి లేవలేదు, మెత్తటిది చూపించమన్నాను. పాపం, పై అరల దాకా వెతికి తేలికైన నూలుచీర తీసింది. అక్కను కూడా తీసుకొస్తే రంగు చూసుకునేది కదా అంది. ఆమె బయటికి రాదమ్మా అన్నాను.

పెద్దమ్మ పోయింది, చిన్నక్కా పోయింది. పెద్దక్క వయసు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను పోయాక ఎవరో మళ్లీ ఆమెకు చిన్న పావడా కుట్టిస్తారేమోనని దిగులు.