మామ నిలబడిన మలుపు

మా అత్త దర్గాకు మొక్కుకుని కన్నది కాబట్టి మా ఆయనకు హజరత్తయ్య అని పేరు పెట్టింది. ఆ పేరు నేను నోటితో ఎన్నడూ పలకలేదు. ఇది రాత కాబట్టి సరిపోయింది. అల్లూరులో మాకు మాగాణి ఉండేది. పొద్దున మడికి నీళ్లు పెట్టడం, సాయంత్రం బుల్లెట్టు తుడుచుకోవడం, ఇవీ ఆయన పనులు. రెండో పనిలో ఉన్న శ్రద్ధ మొదటిదానిలో ఉండేదా అని మాత్రం నన్నడక్కండి.

ఆ బుల్లెట్టు ఎవరో వాడి వదిలేసిన పాత బండి. నెల్లూరులో మెకానిక్కు షెడ్డు పెట్టుకున్న ఆయన స్నేహితుడు నాగూరు దాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పి ఒక దారికి తెచ్చాడు. సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక గట్టిపడే వేళ చూసుకుని ఇద్దరూ ఇసకపల్లి ఒడ్డున బండి పరుగెత్తించేవారు. వలలు ఆరేసుకునే ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. పెళ్లయిన కొత్తలో నేనూ ఒకసారి వెనక కూర్చున్నాను. కొప్పు ఊడిపోయింది, కళ్ల వెంట నీళ్లు కారాయి, నవ్వు మాత్రం ఆగలేదు. అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. అంత సంతోషం ఆ తర్వాత నాకు ఎన్నిసార్లు దొరికిందో వేళ్ల మీద చెప్పొచ్చు.

అంత జోరుగా తోలే మనిషి మా వీధి మొదట్లోకి రాగానే ఇంజను ఆపేసి దిగిపోయేవాడు. అరుగు మీద మా మామ పద్మనాభయ్యగారు కూర్చుని ఉండేవారు మరి. తండ్రి ముందు నుంచి బండెక్కి పోవడం మా ఇళ్లలో లేదు. సైకిలైనా సరే, దిగాల్సిందే. అంత బరువు బండినీ చెమటలు కక్కుతూ గడప దాకా తోసుకొచ్చేవాడు. మామ తల ఎత్తేవారు కాదు. బండి ఇంటికొచ్చిన నాటి నుంచి దాని గురించి ఆయన మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనమే మా ఆయన్ను తినేసేది.

మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు బాట మీద ఏటా మోటారు సైకిళ్ల పందేలు జరిగేవి. మా ఆయన రెండేళ్లు వెళ్లాడు. ఒక ఏడు చైను తెగింది. ఇంకో ఏడు మోచెయ్యి చెక్కుకుపోయి, అదేదో ఘనకార్యమైనట్టు నవ్వుకుంటూ వచ్చాడు. మూడో ఏడు బయలుదేరే ముందు మామ మొదటిసారి నోరు విప్పారు.

"ఈ తూరి కప్పు తెస్తే బండి ఉంచుకో. తేకపోతే సోమవారం కామాక్షయ్య వచ్చి తోలుకోని పోతాడు. మాట ఇచ్చేసినా."

కామాక్షయ్య కోవూరులో రైసు మిల్లు ఆసామి. మా మామ మాట ఇస్తే రాతి మీద చెక్కినట్టేనని జిల్లా సగం ఎరుగును. మా ఆయన "సరే నాయనా" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

"నేను గూడా పోతా మామా," అన్నాను.

"ఆడకూతురివి, నీకేం పని ఆడ?"

"పోయే బండిని కడాసారి చూసుకోనియ్యి."

కొడుకూ నాగూరూ బండితో ముందే వెళ్లిపోతారు కాబట్టి, కోడలిని ఒంటరిగా పంపలేక మామ గొడుగు తీసుకుని తానూ బయలుదేరారు. ఆ విధంగా ఆయన షోళవరం వచ్చారు కానీ, పందెం మీద మోజుతో కాదు.

రెడ్‌హిల్స్‌లో తెలిసిన వడ్ల వ్యాపారి ఇంట్లో దిగాం. శనివారం బండ్లను తోలి చూసుకోవడానికి వదిలారు. మామ ఇల్లు కదల్లేదు. నేను నాగూరు వెంట వెళ్లి చూశాను. తోలు కోట్లు వేసుకున్న పట్నం కుర్రాళ్లు, మైకులో ఇంగ్లీషు, ఎక్కడ చూసినా పెట్రోలు వాసన. వాళ్ల మధ్య మా ఆయన అత్తవారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. బండెక్కాక మాత్రం మనిషే మారిపోయాడు.

ఆదివారం మామ వచ్చారు. ఎక్కడో తాటిచెట్టు నీడ చూసుకుని, బాటకు వీపు తిప్పి కూర్చున్నారు. మొదటి ముగ్గురికే కప్పులు. జెండా ఊపగానే అందరూ ఒక్కసారిగా దూకారు. నేను జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాను. మొదటి చుట్టులో మా ఆయన ఎక్కడో మధ్యలో ఉన్నాడు. తర్వాత నాలుగో స్థానం. తర్వాత మూడు. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి రెండు! నాగూరు నా పక్కన గెంతుతున్నాడు. "వస్తాండాడు వదినా, కప్పు వచ్చేసినట్టే!"

అప్పుడు చూశాను, ఆఖరి మలుపు దగ్గర మామను. గొడుగు ఎక్కడ పారేశారో, పంచె ఎగగట్టి, బండ్లు బాట దాటిపోకుండా పేర్చిన గడ్డిమోపు ఎక్కి నిలబడి, పైగుడ్డ గిరగిరా తిప్పుతున్నారు. గొంతు చించుకుని అరుస్తున్నారు. "కొట్టరా అబ్బయా! కొట్టు!"

మా ఆయన మలుపు తిరిగాడు. ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు. బండి చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. దిగబోయేవాడిలా సీటు మీద నుంచి సగం పైకి లేచాడు కూడా. మళ్లీ స్పృహ వచ్చి యాక్సిలేటరు తిప్పేలోపు ఇద్దరు పక్కనుంచి దూసుకుపోయారు. నాలుగోవాడిగా వచ్చాడు.

నేనూ నాగూరూ వెళ్లేసరికి బండి పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు. మామ రొప్పుతూ వచ్చారు. "చేతిలోకొచ్చినదాన్ని వదిలేసినావే! ఎందుకు తగ్గినావురా?"

మా ఆయన తల ఎత్తలేదు. నాగూరు పానా తుడుస్తూ అటు తిరిగాడు. నా వల్ల కాలేదు.

"నువ్వు నిలబడుంటివి గద మామా!" అన్నాను. మామ ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "నీ ముందర బండెక్కి పోవడం ఆయనకెట్ట చేతనవుతుంది?"

మామ నా వంక చూశారు, కొడుకు వంక చూశారు. చేతిలోని పైగుడ్డను నెమ్మదిగా భుజాన వేసుకున్నారు. ఆ రాత్రికే బస్సులో అల్లూరు చేరాం.

సోమవారం పొద్దున కామాక్షయ్య వచ్చాడు. మా ఆయన బండిని శుభ్రంగా తుడిచి, తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన మొహం చూడలేక నేను తలుపు చాటుకు వెళ్లాను.

"బండి ఇచ్చేది లేదు కామాక్షయ్యా," అన్నారు మామ.

"అదేంది పెద్దాయనా, మాట ఇచ్చుంటిరి గదా?"

"ఇచ్చినా. ఇప్పుడు తప్పతాండా. నలుగురిలో చెప్పుకుంటే చెప్పుకో."

ఆ మనిషి నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. కామాక్షయ్య వెళ్లిపోయాక మా ఆయన ఏదో చెప్పబోయాడు. మామ వినకుండా చేను చూసి వస్తానని వెళ్లిపోయారు. నేను తలుపు చాటునే నిలబడి కడుపునిండా ఏడ్చాను.

ఆ సాయంత్రం కాలవగట్టు మీద బుల్లెట్టు చప్పుడు వినిపించింది. అరుగు మీద ఉన్న మామ లేచి లోపలికి వచ్చారు.

"ఏం కావాల మామా?"

"ఏం లేదమ్మాయ్. ఎండగా ఉండాది."

అప్పటికి పొద్దు గుంకిపోయింది. వీధి మొదట్లో ఇంజను ఆగింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. మామ గోడకు ఆనుకుని అటే వింటున్నారు. అప్పుడు బండి మళ్లీ స్టార్టయింది. మా ఇంటి గడప దాకా ఆగకుండా వచ్చింది.