గుడ్డ కప్పిన పెట్టె

ఆదోనిలో మా అత్తగారింటికి కంప్యూటర్ వచ్చేనాటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. పిల్లలు లేరు. పిల్లలు లేని కోడలికి పనేముంటుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం. వంట, అంట్లు, బట్టలు పని కిందకు రావు కదా. అందుకే బెంగళూరు నుంచి పెట్టె దిగిన రోజే దాన్ని తుడిచే బాధ్యత నాకు అప్పగించారు. ఏదో ఒకదాన్ని సాకాలి కదా, దీన్నైనా సాకనీ అని మా అత్త అంది. నవ్వుతూనే అంది. ఆమె నవ్వినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని అప్పటికే నాకు తెలుసు.

అది మా బావ ముచ్చటపడి తెప్పించుకున్న యంత్రం. బావ అంటే మా ఆయన అన్న, బెంగళూరులో చదివినవాడు. భార్య పోయాక మళ్ళీ చేసుకోనన్నాడు. ఆ మాటను ఇల్లంతా గౌరవించింది. మగవాడి మాట కాబట్టి గౌరవించింది. ఇంటి ముందు భాగంలోనే వాళ్ళ పత్తి మండీ. ఎనభైల చివరి రోజులవి, మా వీధిలో కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. పత్తి తెచ్చిన రైతులు గుమ్మం దగ్గర నిలబడి దాన్ని దేవుణ్ణి చూసినట్టు చూసి పోయేవాళ్ళు.

ఆదోనిలో పత్తి కాలమంటే గాలి నిండా దూదే. జిన్నింగు మిల్లులు తిరుగుతుంటే అన్నంలో నూగు, కంటి రెప్పల మీద నూగు. పెట్టెను బిగించడానికి వచ్చిన మనిషి, దీనికి దుమ్ము శత్రువు, వేడి అంతకన్నా పెద్ద శత్రువు అని చెప్పి పోయాడు. రోజూ పొద్దున పైన కప్పిన పసుపు గుడ్డ తీసి వీధిలో దులపాలి. మీటల సందుల్లో మెత్తటి బ్రష్షు ఆడించాలి. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో అద్ది, బావ వేళ్ళ జిడ్డు తీయాలి. ఫ్లాపీలను రేకు డబ్బాలో పెట్టి అయస్కాంతం దరిదాపుల్లోకి రాకుండా చూడాలి. స్టెబిలైజర్ ముల్లు ఊగుతుంటే బావను కేకేయాలి. నెలకోసారి పెట్టె మూత తీసి, లోపలి ఫ్యానుకు పట్టిన నూగును సైకిల్ పంపుతో ఊదాలి. మరలు బావ విప్పేవాడు, పంపు నేను కొట్టేదాన్ని. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టినదాన్ని, నూగుతో నాకు పేచీ లేదు. కానీ ఆ పెట్టెను ఆన్ చేసే హక్కు నాకు లేదు. ఒకసారి మీట నొక్కబోతే, గిన్నె తోమినంత మాత్రాన పాయసం నీదవుతుందా అన్నాడు బావ.

మా అత్త ఆ గదిని దేవుడి గది చేసింది. పెట్టెకు విభూతి రేఖలు పెట్టింది, చెప్పులు బయట వదలమంది. అంటే ముట్టైన రోజుల్లో నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఆ మూడు రోజులూ పెరటి వసారాలో చాప మీద ఉండేదాన్ని. ఇంకెవరూ తుడవరు కాబట్టి, అవసరం పడితే తప్ప బావ పెట్టె మీద గుడ్డ తీసేవాడు కాదు. ఏ ఇంట్లోనైనా కోడలు బయట కూర్చుంటే ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. మా ఇంట్లో మండీ మొత్తానికి తెలిసేది. గుమ్మంలోంచి పసుపు గుడ్డ కనిపిస్తే చాలు, గోనెగండ్ల నుంచి పత్తి తెచ్చే ఒక పెద్ద రైతు గట్టిగా అనేవాడు.

"ఏంది సామీ, ఈ నెల గూడా పెట్టెకు సెలవేనా?"

అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు మా ఆయనా నవ్వేవాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నాకు తోడికోడలు కూడా లేదు, నవ్వడానికి మొగుడే ఉన్నాడు.

ఆ శ్రావణంలో అత్త నన్ను ఉరుకుంద తీసుకుపోయి ఈరన్న స్వామి ముందు పొర్లుదండాలు పెట్టించింది. తిరుగు బస్సులో, నా తలలోని మట్టి ఇంకా దులపకముందే, మాట తేల్చేసింది. ఉగాది దాకా చూస్తుంది. అప్పటికీ నా కడుపు పండకపోతే ఆలూరులో ఉన్న తన తమ్ముడి కూతుర్ని మా ఆయనకు చేస్తుంది. నేను ఎమ్మిగనూరు పోవాలి. అక్కడ నాన్న పోయాక అమ్మ కూలికి నేస్తోంది. ఒక్క గది, అందులో సగం మగ్గం గుంతే. నాకు అక్కడ చాప పరుచుకునే చోటు కూడా లేదని అత్తకు తెలుసు.

మాఘమాసంలో ముట్టైన రోజు నేను పెరట్లోకి పోలేదు. తలంటుకోకుండా, మొహం మామూలుగా పెట్టుకుని, బ్రష్షు తీసుకుని గదిలోకి పోయాను. గుడ్డ తీసి వీధిలో దులిపాను. నా చేతులేమీ కాలిపోలేదు. తర్వాతి నెలా అంతే. ఉగాది దాటితే ఆలూరు వాళ్ళు పిల్లను ఇంకో ఇంటికి ఇచ్చేస్తారని నా ఆశ. ఆ తర్వాత కడుపు నిలవలేదని చెప్పొచ్చు.

నేను ఒక్క మాట అబద్ధం చెప్పలేదు. ఆ మూడు రోజులూ పెట్టె మీద లేని గుడ్డే చెప్పింది. అత్త నా కంచంలో నెయ్యి వేసింది. నా పక్క తన గదిలోకి మార్పించి, మా ఆయన్ను మండీలో పడుకోమంది. మనవడికి ఈరన్న పేరే పెట్టాలని తీర్మానించింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలు ఉంది, అంతే తేడా. ఆ నెయ్యి రుచి నాకిప్పటికీ గుర్తుంది. పెళ్ళైన మూడేళ్ళకు ఆ ఇంట్లో కడుపు నిండా తిన్నాను, సిగ్గుపడకుండా తిన్నాను.

కడుపుతో ఉన్నదానివి పంపు కొట్టొద్దన్నాడు బావ. తానే ఊదుకుంటానన్నాడు. చొక్కాకు నూగు అంటుతుందని ఒక్కసారీ మూత తీయలేదు. నేను గుర్తు చేశాను. చూద్దాంలే అన్నాడు.

నా ముట్టు గుడ్డలు ఆరేసుకోవడానికి చోటు కావాలి. దండెం మీద వేస్తే అత్త చూస్తుంది. ఎవరూ వెనక్కి తొంగి చూడని చోటు ఆ పెట్టె గదొక్కటే. పెట్టె వెనక ఫ్యాను నుంచి వెచ్చటి గాలి వస్తుంది. దానికి అడ్డం రాకుండా, బల్ల వెనక కర్రకు కట్టేదాన్ని. ఇట్టే ఆరేవి.

ఉగాది వారం ఉందనగా పెట్టె ఆగిపోయింది. కాలిన వాసన వచ్చి తెర నల్లబడింది. పెట్టెను బిగించిన బెంగళూరు మనిషి మళ్ళీ వచ్చి, అందరి ఎదుటా బల్లను ముందుకు లాగాడు. వెనక కర్రకు నా చీర పీలిక వేలాడుతోంది, మరక పూర్తిగా పోని పీలిక. పాపం అతనికేం తెలుసు, స్క్రూడ్రైవర్ కొసతో ఎత్తి, ఇదేమిటని అడిగాడు. అత్త ఆ గుడ్డను చూసింది, నా పొట్టను చూసింది.

అతను మూత తీశాడు. ఫ్యాను నిండా నూగు, చిన్న దిండుకు సరిపోయేంత. గుడ్డతో ఏమీ కాలేదని, నూగుకు ఫ్యాను బిగుసుకుని లోపల కాలిపోయిందని చెప్పాడు. దీన్ని ఊది ఎన్నాళ్ళైందని అడిగాడు. నేను బావ వైపు చూశాను. చదువుకున్నవాడు కదా, ఒక్క నిజం చెబుతాడనుకున్నాను.

"నెల నెలా ఊదుతానే ఉండాము," అన్నాడు బావ. "ముట్టు తగిలినాక యంత్రమైనా యాడ నిలబడతాది?"

"పెట్టె పాయె, కడుపూ పాయె," అంది అత్త. "రెండూ నీ సేతిలోనే పాయె."

మర్నాడే మా ఆయన నన్ను ఎమ్మిగనూరు బస్సు ఎక్కించాడు. తువ్వాలు వేసి కిటికీ సీటు పట్టిచ్చాడు. మూడేళ్ళ కాపురంలో నాకోసం అతను చేసిన పని అదొక్కటే.

రెండేళ్ళ తర్వాత ఆ గోనెగండ్ల రైతు చీరల కోసం మా వీధికి వచ్చి నన్ను గుర్తుపట్టాడు. మండీలో కొత్త పెట్టె వచ్చిందని, ఆలూరు పిల్ల దాన్ని అద్దంలా తుడుస్తుందని చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"అయితే నెల నెలా ఆ మూడు దినాలు గుడ్డ కప్పే ఉంటాదమ్మా. ఈ ఉగాది పోతే ఇంగో పిల్లను సూస్తారంట."

ముందు నవ్వాను. మండీలో వాళ్ళు నవ్వినట్టే, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. నా కడుపులోని మంట చల్లారినట్టే అనిపించింది. అతను చీరలు కట్టించుకుని వీధి చివరి దాకా పోయాక, ఆలూరు పిల్ల వయసు గుర్తొచ్చింది. ఇంకా పదిహేడు నిండలేదు. ఆమెకొక మాట చెప్పి పంపాల్సింది. ముట్టు దాచాల్సి వస్తే గుడ్డలు ఎక్కడైనా ఆరేసుకో గానీ పెట్టె వెనక మాత్రం వద్దని. కానీ అది మగవాడితో చెప్పి పంపే మాట కాదు.