బావికి కందిపప్పు ఆకాశం

నేను పుట్టిన ఊరి చరిత్ర నాకు తెలియదు. గుంటూరు పక్కన ఓ పల్లె. ఆ పేరెందుకొచ్చిందని చిన్నప్పుడు అడిగితే మా నాన్న, "ఊరికి చరిత్రేమిట్రా, వెళ్ళి ఎక్కాలు చదువుకో" అన్నాడు. చదువుకున్నాను. ఆ ఎక్కాలే నన్ను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు ట్రాయ్‌లో ఓ కార్ల కంపెనీలో పడేశాయి. రిటైరయ్యేదాకా గేర్‌బాక్సులు తప్ప వేరే లోకం ఎరగను.

కానీ ఇంగ్లండులో ఓ మారుమూల పల్లె చరిత్ర మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సున్నపురాతి కొండల మధ్య ఉంటుంది. ఇళ్ళన్నీ రాతి ఇళ్ళు. పొలాల మధ్య గట్లు కూడా రాతివే, సున్నం లేకుండా పేర్చినవి. చర్చి గోపురం కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. ఊరివాళ్ళు కొందరు గొర్రెలు కాసేవాళ్ళు, కొందరు సీసం గనుల్లో తవ్వేవాళ్ళు. ఒక ఏడు చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయినా వీళ్ళ బావి ఎండలేదట. ఆ కృతజ్ఞతతో ఏటా బావికి పూలతో అలంకారం చేయడం మొదలుపెట్టారు. తర్వాత గనుల్లో సీసం అయిపోతే కొన్ని కుటుంబాలు ఓడెక్కి మిషిగన్ వచ్చి, ఇక్కడ ఓ పల్లె కట్టుకుని, ముందు బావి తవ్వి, దానికీ పూలు పెట్టారు.

ఇదంతా నేను ఆ ఊరు వెళ్ళి తెలుసుకున్నది కాదు. మా పక్కింటి పెద్దావిడ చెప్పింది. ఆవిడా ఎప్పుడూ వెళ్ళలేదు. ఆవిడ అమ్మమ్మ చెప్పింది. ఆ అమ్మమ్మ కూడా ఇక్కడ పుట్టినావిడే. అంటే మూడు తరాలుగా ఎవరూ చూడని ఊరి గురించి నేను నాలుగోవాణ్ణై చెబుతున్నాను. ఒరిగిన గోపురం మాత్రం నిజమే, ఫోన్‌లో పైనుంచి తీసిన ఫోటోలో చూశాను.

ట్రాయ్ నుంచి గంట దూరంలో ఉన్న ఈ పల్లెకి మేం వచ్చింది మా ఆవిడ తోట కోసం. ఆవిడది వరంగల్. వంకాయలకీ బంతిపూలకీ స్థలం చాలడం లేదని ఇల్లు మార్పించిన మనిషి. మా తర్వాత మా స్నేహితులు కొందరు, వాళ్ళ చుట్టాలు కొందరు వచ్చి చేరారు. మేం వస్తుంటే ఊళ్ళో పాత కుటుంబాలు ఒక్కొక్కటీ పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ వచ్చాయి. ఆఖరికి బావికి పూలు పెట్టే వాళ్ళలో పెద్దావిడ ఒక్కతే మిగిలింది. పియానో నేర్పిన చేతులు. ఇప్పుడు కీళ్ళవాతంతో చెంచా పట్టుకోవడమే కష్టం.

ఆ ఆగస్టులో టౌన్‌షిప్ వాళ్ళు, అంటే ఇక్కడి పంచాయతీ వాళ్ళు, ఓ మాట చెప్పి వెళ్ళారు. బావి అలంకారం ఈ ఏడు జరిగితే సరే, వచ్చి చూస్తాం. జరక్కపోతే బావి పూడ్చి పార్కింగ్ చేస్తాం. ఆ సంగతి పెద్దావిడ మా వసారాలో కూర్చుని ఐస్ టీ తాగుతూ మామూలుగానే చెప్పింది.

మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పూలు పేర్చుడే గదా. మనకు రాని పనా? చేద్దాం తియ్" అంది.

అక్కడే మొదలైంది మా కష్టం. బావి అలంకారమంటే పూలు పేర్చడం కాదు. అంచు కట్టిన పెద్ద చెక్క పళ్ళెం ఉంటుంది. దాన్ని చెరువులో నానబెట్టి, తడి బంకమట్టి నింపి, బొమ్మ గీసిన కాగితం దాని మీద పరిచి సూదితో గుచ్చుతారు. ఆ చుక్కల గీతల మధ్య ఒక్కో రేకూ అద్దుతారు. కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లాగా, వాన పడినా నీళ్ళు జారిపోయేట్టు. మొక్కకి పుట్టినదే వాడాలి, రంగూ ప్లాస్టిక్కూ పనికిరావు. పూర్తయిన పళ్ళేన్ని బావి దగ్గర నిలబెట్టి వారం రోజులు ఉంచుతారు.

తెలంగాణ ఆడవాళ్ళు ఇలా పడుకోబెట్టిన పూలను చూసి పెదవి విరిచారు. పూలంటే గోపురంలా పైకి లేవాలి గదా అన్నారు. ఆంధ్రా ఆడవాళ్ళు, ఇది ముగ్గే కదా, మధ్యలో పద్మం వెయ్యకపోతే వెలితిగా ఉంటుందన్నారు. బొమ్మేమో చర్చి, రాతిగట్టు, గొర్రెలు. పద్మం ఎక్కడ పెట్టాలి, గొర్రె నెత్తిన పెట్టాలా అని నేనంటే నన్ను పూలు కోసుకురమ్మని పంపేశారు. మొత్తానికి పెద్దావిడ కుర్చీలో కూర్చుని వంకర వేలితో చూపిస్తుంటే, వీళ్ళు నోళ్ళు మూసుకుని రేకులద్దారు. మా తోటలో, అందరి తోటల్లో పూలన్నీ, చివరికి రోడ్డు పక్కన తంగేడులా విరగబూసిన పచ్చపూలు కూడా అయిపోయాయి. గొర్రెలు తెల్ల హైడ్రేంజియా రేకులతో ఎంత బొద్దుగా వచ్చాయంటే, నిమరాలనిపించింది.

శనివారం సాయంత్రం పళ్ళేన్ని బావి దగ్గర నిలబెట్టాం. మర్నాడు పది గంటలకి టౌన్‌షిప్ వాళ్ళు వస్తారు. పెద్దావిడ చాలాసేపు చూసి, అలసిపోయానని ఎదురుగా ఉన్న తన ఇంటికి వెళ్ళింది. మావాళ్ళు మాత్రం కదల్లేదు. పులిహోర వచ్చింది, సత్తుపిండి వచ్చింది, పెరుగన్నం వచ్చింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. బావి చుట్టూ తిరుగుతూ పాటలందుకున్నారు. నేను మడత కుర్చీలో పులిహోరతో సుఖంగా ఉన్నాను.

పొద్దు చెరువు మీదికి వాలింది. మా ఆవిడ ఆకాశం వంక చూసి, "పొద్దు గూకుతుంది, ఇగ సాగనంపాలె" అంది. అందరూ "అవునవును" అన్నారు. నలుగురు వంగి పళ్ళెం ఎత్తబోయారు. తడిమట్టి, లేవలేదు.

"చూసుకుంట కూసున్నరేంది, జర ఓ మూల పట్టుండ్రి" అంది నన్ను.

ఇన్నేళ్ళ కాపురంలో పట్టమన్న చోట పట్టుకోవడమే తప్ప ఎందుకని అడిగిన అలవాటు నాకు లేదు. పట్టుకున్నాను. పాడుకుంటూ చెరువు దాకా వెళ్ళి, మెల్లగా, ఎంతో భక్తిగా, ఆ ఇంగ్లీషు పల్లెనంతా నీళ్ళలోకి వదిలాం. చర్చి ముందు మునిగింది. గొర్రెలు కాసేపు తేలాయి.

అప్పుడు మాతో వచ్చిన, ఇక్కడే పుట్టిన ఓ అమ్మాయి అమాయకంగా అడిగింది: "ఆంటీ, అది టుమారో చూడ్డానికి వాళ్ళు వస్తారు కదా? వై డిడ్ వీ డ్రౌన్ ఇట్?"

పాట ఆగిపోయింది. కప్పలు అరవడం వినిపించింది. పూలు పేర్చి, ఆడి, పాడి, పొద్దుగూకేవేళ నీటిలో కలపకుండా ఇంటికెళ్ళడం ఈ ఆడవాళ్ళ ఒంట్లోనే లేదు. ఎవరూ తప్పుచేద్దామనుకోలేదు. అసలు అనుకోనే లేదు. మా ఆవిడ గడ్డిలో కూలబడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ముసలమ్మ మొఖం ఎట్ల చూడాలె నేను" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు రాబోయిన నవ్వు ఆగిపోయింది.

తెల్లవారగానే ఇద్దరం పెద్దావిడ తలుపు కొట్టాం. లాబ్‌లో ఉద్యోగం చేస్తూ ఇన్నేళ్ళు కిందివాళ్ళని ఇంగ్లీషులోనే తిట్టిన మా ఆవిడకి ఆ పూట ఇంగ్లీషు రాలేదు. నేనే చెప్పాను. మళ్ళీ చేస్తామని, మట్టి బకెట్లో మిగిలి ఉందని, పళ్ళెం ఒడ్డుకి కొట్టుకొచ్చిందని చెప్పాను. ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చెప్పులు తొడగమని కాళ్ళు చాపింది.

మట్టి ఉంది, పళ్ళెం ఉంది. ఊళ్ళో పువ్వన్నది లేదు. మా ఆవిడ మా గరాజ్‌లోకి వెళ్ళింది. అక్కడ మా సంసారానికి సరిపోగా ఓ రెజిమెంటుకి కూడా సరిపోయే సరుకులుంటాయి.

"బియ్యం చెట్టుకే గదా కాస్తయి?" అంది. ఎవరూ కాదనలేదు.

గొర్రెలకి అటుకులు. రాతిగట్టుకి పల్లీలు. చర్చి గోడకి చాయ మినప్పప్పు, కప్పుకి ఎండుమిరప తొక్కలు. గడ్డికి పెసలు, కరివేపాకు. నల్లటి గీతలన్నీ ఆవాలు. ఆకాశానికి నీలం ఏదీ దొరక్క కందిపప్పు అద్దేశారు. దాంతో ఆ పల్లెలో సాయంత్రమైంది. పెద్దావిడ కుర్చీలోంచి, "గోపురం నిటారుగా పెట్టారు, ఎడమకి వంచండి" అని అరుస్తూనే ఉంది. గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ ఎవరూ చూడకుండా ఓ మూల చిన్న పద్మం వేసేసింది.

పది గంటలకి టౌన్‌షిప్ పెద్దమనిషి ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. వంగి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. సరిగ్గా అప్పుడే ఓ ఉడత వచ్చి రాతిగట్టులోంచి ఒక పల్లీ ఊడబీక్కుని పారిపోయింది.

"ఇవి పప్పులా?" అన్నాడు.

"పప్పులే" అంది పెద్దావిడ.

"ఇంగ్లండులోనూ ఇలాగే చేస్తారా?"

ఆవిడ నడుం నిటారుగా చేసుకుంది. "మా అమ్మమ్మ ఇలాగే చేసేది" అంది, రెప్ప వెయ్యకుండా. చర్చిలో పియానో వాయించిన మనిషి అంత చక్కగా అబద్ధమాడుతుందని నేననుకోలేదు. ఆయన మా అందరి వంకా చూశాడు. చీరలు, మట్టి చేతులు, మా ఆవిడ చెంపకంటిన ఆవాలు. ఇంతమంది ఉంటే బావి జోలికి రామని చెప్పి, పులిహోర తిని, ఇంటికి కూడా కట్టించుకుని వెళ్ళాడు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ పెద్దావిడ పక్కన గడ్డిలో కూర్చుని, మళ్ళీ ఓసారి క్షమించమంది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"నేను నిన్న చూశాను" అంది. "కిటికీలోంచి. మీరు ఎత్తుకెళ్ళడం, నీళ్ళలో వదలడం, అంతా."

మా ఆవిడ నోరు తెరిచింది. "మరి ఆపలేదే?"

"మీరంతా నా కోసం చేస్తున్నారనుకున్నాను. నా మాట కాదనలేక. నేను పోగానే ఎలాగూ ఆగిపోతుంది, ఈ ఏడుతో చాలించుకుంటామని ఇవాళ ఆయనకి నేనే చెబుదామనుకున్నాను. నిన్న మీరు పాడుతూ దాన్ని సాగనంపుతుంటే, ముగింపు అంటే ఇంత బాగుండాలి అనిపించింది. ఏడ్చాను కూడా. హాయిగా నిద్రపోయాను." కాసేపు ఆగింది. "పొద్దున్న మీరొచ్చి మళ్ళీ చేస్తామన్నారు. నేనసలు అడగనే లేదు."



"వచ్చే ఏడు ఎప్పుడు చేస్తారు?" అంది ఆవిడ, చేతులు చూసుకుంటూ. "నన్ను పిలుస్తారా?"

మా ఆవిడ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. పెద్దావిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది, మా ఆవిడ ఆ లెక్కలేవీ పెట్టుకోలేదు. ముడతల నుదుటి మీద ఇంత బొట్టు పెట్టింది.

"ఇదేమిటి?" అంది పెద్దావిడ.

"పిలుపు" అంది మా ఆవిడ. పొద్దున రానన్న ఇంగ్లీషు ఎప్పుడో తిరిగి వచ్చేసింది. "ఇలా పిలిస్తే రాకుండా ఉండకూడదు."

"అయితే వస్తాను" అంది పెద్దావిడ.