ఒక చాప ముందు

ఆ రోజుల్లో బొంతపల్లికి అవతల ఉన్న మా ఊరి బడి అంటే ఒకటే గది, ఒకటే సారు, ఐదు చాపలు. చాపకొక తరగతి. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, పాసవడమంటే మాకు చాప మారడమే. రెండో తరగతి చాప మీద కూర్చుంటే నా వీపు ఐదో తరగతి వాళ్ళ వీపులకు ఆనేది. సారు పెద్దపిల్లలకే గొంతెత్తి పాఠం చెప్పేవాడు (మమ్మల్ని ఎక్కాలు చదువుకోమని వదిలేసేవాడు). చేతిలో పలక ఉన్నా నా చెవులు మాత్రం వెనక్కే ఉండేవి. దాంతో రెండో తరగతి తప్పాను. మళ్ళీ అదే చాప!

దాన్నైనా భరించేదాన్నే. కానీ ఆ ఏడు తమ్ముడు బడిలో చేరి, నాకు ఎడమ పక్కనే ఒకటో తరగతి చాప మీద కూర్చున్నాడు. మళ్ళీ తప్పితే వాడూ నేనూ ఒకటే తరగతి. "అక్కా, జెర జరిగి కూసో. వచ్చే యేడు నేను గీడనే కూసుంట" అని వాడు అప్పుడే జాగా చూసుకుంటున్నాడు. ఆ అవమానం కన్నా బర్రెలు కాయడం నయమనిపించింది నాకు.

పరీక్షల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సారు చెమట తుడుచుకుంటూ ఆయన్ని నేరుగా ఐదో తరగతి దగ్గరికే తీసుకెళ్ళాడు. "గోదావరి ఎక్కడ పుట్టింది?" అని ఆయన అడిగితే వాళ్ళంతా కిటికీలోంచి ఫ్యాక్టరీ లారీలను చూస్తున్నారు. నేను ఆగలేకపోయాను. "నాసిక్ దిక్కు, త్ర్యంబకంల సార్!" అన్నాను, వెనక్కి తిరగకుండానే. ఆకులు తిండి ఎట్లా తయారుచేసుకుంటాయని అడిగాడు. "ఎండతోని సార్. నీళ్ళు, గాలి గూడ కావాలె!" దీర్ఘచతురస్రం వైశాల్యం? "పొడుగును ఎడల్పుతోని గుణించాలె సార్!" తన పాఠం ఎవరో ఒకరికి ఎక్కిందని తెలిసి సారు ముఖం వెలిగిపోయింది.

"ఏ క్లాసమ్మా నువ్వు?"

"రెండు సార్. రెండోసారి."

ఇన్‌స్పెక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, పొడుగు ఎనిమిది గజాలు, వెడల్పు ఏడు. ఎంత?"

"గుణించాలె సార్."

"గుణించు మరి!"

ఎక్కం గుర్తుకు రాక వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా కళ్ళ ముందు తమ్ముడు జరిగి కూర్చుంటున్న చాప కనిపించింది. అప్పుడే ఎడమ పక్క నుంచి, చీమిడి ఎగబీలుస్తూ ఒక గొంతు: "ఏడెనిమిదులు యాభై ఆరు సార్." వాడి చెవులు ఏడాదంతా మా చాప మీదే ఉన్నాయన్నమాట!

ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సారూ, ఈ పిల్లను మూడుకు పంపుండ్రి, ఆ పిలగాన్ని రెండుకు. ఎక్కాలు ఇంటికాడ తమ్ముడే చెప్తడు."

ఆ సాయంత్రం పలక నెత్తిన పెట్టుకుని, వాడకట్టంతా వినబడేలా అరుస్తూ ఇంటికి ఉరికాను. "ఏందే, గంత ఖుషీగున్నవ్?" అంది అమ్మ.

"మూడో క్లాసుల వడ్డనే అమ్మా!"

"మరి తమ్ముడు?"

"రెండు! నాకంటె ఒక చాప ఎనక!"

ఇప్పుడు పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. కాలిక్యులేటర్ ఎప్పుడూ చేతి కిందే ఉంటుంది. అయినా ఎవరైనా ఏడెనిమిదులు అనగానే ముందు నా తల ఎడమ పక్కకే తిరుగుతుంది, వాడింకా అక్కడే కూర్చుని ఉన్నట్టు.