రేకు డబ్బాలో పిడికెడు బియ్యం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చెల్లెలి కూతురు నన్ను బండి మీద ఎక్కించుకుని మొయినాబాద్‌లో మా ఇంటి దగ్గర దింపింది. తనది చేవెళ్లలో సర్కారు ఉద్యోగం. నేను టీ పెట్టేలోపు ఆమె ఫోను మోగింది. వరద బాధితుల కోసం ఒక రోజు జీతం ఇవ్వడం ఇష్టమేనా అని అడుగుతూ ఆఫీసు నుంచి ఒక పత్రం వచ్చింది. కింద రెండు గడులు ఉన్నాయి, ఒకటి సమ్మతి, రెండోది అసమ్మతి.

"పెద్దమ్మా, ఒత్తాల్నా?" అంది.

"నీ ఇష్టం బిడ్డా. ఇది ఇష్టంతోనే నడవాలె, ఇంకొకరి మాట మీద గాదు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి రాగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఎందుకంటే ఆ నియమం నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే కిటికీ అవతల నిలబడ్డ ఒక ముసలాయన నేర్పితే నేర్చుకున్నది. పిల్ల టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాను. మెహదీపట్నం బస్సు దిగి, హాజరు రిజిస్టరు సారు గదిలోకి పోకముందే సంతకం పెట్టాలని పరుగెత్తిన నా వయసువాళ్లు మీలో చాలామంది ఉంటారు కాబట్టి మీకూ చెప్పాలనిపిస్తున్నది.

నేను చేరింది ఈ వైపే ఒక చిన్న ఆఫీసులో. పేరు ఎందుకులెండి, ఇప్పుడు ఆ పెంకుల కప్పూ లేదు, అందులో పనిచేసినవాళ్లూ లేరు. ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు తీసుకునే కిటికీ నాది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అందరికంటే చిన్నదాన్నని టీ గ్లాసు మొదట నా బల్ల మీదే పెట్టే అటెండరు అన్న ఒకడుండేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి దవాఖానలో చేరినవాడు తిరిగి రాలేదు. ఇద్దరు ఆడపిల్లలతో ఆయన భార్య మిగిలింది, నేను వదిన అని పిలిచేదాన్ని. ఆయన ఉద్యోగం ఆమెకు ఇవ్వాలని మా పెద్దసారు ఫైలు రాసి పైకి పంపారు. కానీ పైకి వెళ్లిన ఫైలు ఎప్పుడు దిగుతుందో మీకు తెలియనిది కాదు. అది దిగేదాకా ఆ ముగ్గురి కడుపు నిండేదెట్లా అన్నదే నా బెంగ.

మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉండేది. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టగానే వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మా అమ్మ పక్కన డబ్బాలో వేసేది. ఆదివారం ప్రతి ఇంటి నుంచీ అలా చేరిన బియ్యం కష్టంలో ఉన్న ఒక ఇంటికి వెళ్లేది. ఎవరిది ఎంత అని అడిగేవాళ్లు లేరు. ఇచ్చింది చెప్పుకోకూడదని సండే స్కూల్లో మాకు గట్టిగా నేర్పారు. ఆ అలవాటునే ఆఫీసుకు తెస్తే ఏం పోయింది అనుకున్నాను. ఒక పాత బిస్కెట్ల డబ్బా తోమి, ఎండబెట్టి, పొద్దున్నే ప్రార్థన చేసి, తీసుకుపోయి నా కిటికీ గట్టు మీద పెట్టాను. అక్కడైతే వచ్చిపోయే ఉద్యోగులందరికీ అందుతుందని నా ఆలోచన. నేను చేసిన తప్పంతా ఆ గట్టు మీదే ఉంది.

హెడ్ క్లర్కు అన్న చూసి, "ఏందమ్మా, ఆఫీసుల దావత్ చేస్తున్నవా?" అని నవ్వాడు. నవ్వుతూనే మర్నాడు కాగితపు పొట్లంలో సన్నబియ్యం తెచ్చి పోశాడు. టైపిస్టు అక్క తెచ్చింది, జీపు డ్రైవరన్న తెచ్చాడు. వారం తిరిగేసరికి దరఖాస్తులతో వచ్చిన రైతులు కూడా పోయడం మొదలుపెట్టారు. కొంగున కట్టుకుని ఆడవాళ్లు, చేతిసంచుల్లో మగవాళ్లు దొడ్డుబియ్యం తెచ్చి పోస్తుంటే ఒక డబ్బా రెండయింది, రెండు మూడయ్యాయి. నా ఆనందం ఏం చెప్పను! దేవుడే మనసులు కదిలించి ఈ ఊళ్లమీదికి ఉజ్జీవం పంపాడనే అనుకున్నాను. బుధవారం ప్రార్థన కూటంలో లేచి నిలబడి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అని కూటమంతా ఊగిపోయింది.

గురువారం పొద్దున శంకర్‌పల్లి వైపు నుంచి ఒక తాత కిటికీ దగ్గరికి వచ్చాడు. సంచి విప్పి బియ్యం పోసి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, మెల్లగా అడిగాడు.

"బిడ్డా, ఇది మూడోసారి. ఇంకెంత పోస్తె నా కాగితమిస్తవు?"

ఆయన వెనక వరుసలో నిలబడినవాళ్ల కొంగుల ముడులు, సంచులు అప్పుడు కనబడ్డాయి నాకు. నేను ఉజ్జీవం అనుకున్నది వాళ్లకు లంచం. లంచం అనే మాట తలుచుకుంటేనే భయపడే ఇంట్లో పెరిగినదాన్ని, గంపెడు బియ్యం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఎవరో చెప్పకముందే నేనే చెప్పాలని కిటికీ మూసి నేరుగా పెద్దసారు గదిలోకి పోయి, ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. అలమారలోంచి అట్ట చిరిగిన నియమావళి తీసి, వేలు పెట్టి చూపించారు. ముందు అనుమతి లేకుండా ఉద్యోగి చందా పోగుచేయకూడదు. పని మీద వచ్చినవాళ్ల దగ్గర తీసుకోనే కూడదు. ఇచ్చేవాడి మీద పైవాడి ఒత్తిడి ఉండకూడదు.

"నీ మనసు నీ దేవునికి ఎరుకనే కావచ్చు. సర్కారుకు మాత్రం కాగితం కావాలె" అన్నారు.

"మరి వదిన ఎట్ల బతకాలె సార్?"

"చందాకు అనుమతి కావాలని దరఖాస్తు రాయి. పైకి నేను పంపిస్త. అప్పటిదాక డబ్బా బంద్. జనం బియ్యం జనానికి ముట్టాలె."

సన్నాలూ దొడ్డువీ కలిసిపోయాయి, ఎవరివి ఎవరివో తీసేదెట్లా? హెడ్ క్లర్కు అన్నే తన ఇంటి నుంచి ఒక బస్తా తెప్పించాడు. ఒక్కొక్కరినీ పిలిచి, ముందు కాగితం చేతిలో పెట్టి, తరువాత బియ్యం కొలిచిచ్చాం. తాత తన కాగితాన్ని మడిచి తువ్వాలలో చుట్టుకున్నాడు గానీ బియ్యం తీసుకోలేదు.

"ఇది ఎవల కోసం పెట్టినవు బిడ్డా?" అన్నాడు. చెప్పాను. "జర ముందుగాల చెప్పొద్దా! సర్కారు డబ్బల ఎయ్యొద్దంటె ఎయ్యను. ఆ ఆడబిడ్డ ఇల్లు చూపియ్యి, నేనే పోయొస్త."

పోయొచ్చాడు కూడా. మా డబ్బాకు అనుమతి వచ్చేదాకా వదిన ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన బియ్యంతోనూ, మా సంఘం బియ్యంతోనూ. నేను మాత్రం జీపు చప్పుడు విన్నప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. ఒప్పుకోరేమో, తప్పు చేసినదాని దరఖాస్తు కదా అని భయం. ఒక మధ్యాహ్నం పెద్దసారే గదిలోంచి బయటికొచ్చి కాగితం గాల్లో ఊపారు. టైపిస్టు అక్క, నేను చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. అందులో షరతులు రాసి ఉన్నాయి: డబ్బా లోపలి గదిలో ఉండాలి, ఎవరూ ఎవరినీ అడగకూడదు, పేర్లు రాయకూడదు, వదినకు ఉత్తర్వు అందేదాకే నడవాలి. పేర్లు రాయకూడదన్న షరతు చదివి నేను మురిసిపోయాను. సండే స్కూలు పాఠం సర్కారు ముద్రతో వచ్చినట్టుంది!

చలికాలం పోతుండగా వదిన ఉద్యోగానికి ఉత్తర్వు దిగింది. మొదటి రోజు వదిన ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, నేరుగా లోపలి గదికి పోయింది. ఆమె పిడికిట్లో బియ్యం. డబ్బా మాత్రం అప్పటికే తీసేశాం, అనుమతి గడువు ఆ పొద్దుతో తీరింది మరి. మూసిన పిడికిలితో ఆమె అట్లాగే నిలబడి, "నాది దేంట్ల ఎయ్యాలె?" అని నన్నడిగింది. పెద్దసారు నా వైపు తిరిగి, "ఏం చూస్తున్నవమ్మా? ఇంకో దరఖాస్తు రాయి" అన్నారు.

కష్టంలో పడ్డ ఒక్కో ఇంటికి ఒక్కోటి చొప్పున, నేను పదవీ విరమణ చేసేదాకా ఆ దరఖాస్తులు రాస్తూనే ఉన్నాను.

ఇదంతా విని మా పిల్ల సమ్మతి గడి మీద వేలు పెట్టి, క్షణం ఆగి, "ఇది ఎవలింటికి పోతది పెద్దమ్మా?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. అసమ్మతి గడి ఉన్నందుకు నిజంగా సంతోషించాను. మా రోజుల్లో కాదనదలచినవాడికి అంత సులువైన దారి లేదు. ఎక్కడో మునిగిన ఇంటికి నిమిషంలో సాయం చేరడం కూడా చిన్న సంగతి కాదు, దేవునికి స్తోత్రం. కానీ పిల్ల సమ్మతి మీద వేలు ఒత్తితే చప్పుడు రాలేదు. ఖాళీ రేకు డబ్బా అడుగున మొదటి పిడికెడు పడినప్పుడు వచ్చే ఆ గలగల ఒకటుండేది. అది వినబడగానే ఎవరి ఇంటి పొయ్యి వెలుగుతుందో మాకు తెలిసేది. ఇప్పటికీ ఎసరు పెట్టగానే పిడికెడు తీసి పక్కన వేస్తాను. వేసి, జరసేపు చెవి ఒగ్గి వింటాను.