పద్నాలుగేళ్ళలోనా, పద్నాలుగేళ్ళకా?

రాయ్‌పూర్‌లో నర్సింగ్ శిక్షణ ఇంటర్వ్యూకు వెళ్ళేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నాన్న రైల్వేలో పనిచేసేవారు. ఆయనకు షుగర్ వ్యాధి. ఆ ఊళ్ళోనే గుఢియారీ పేటలో మా ఇంట్లో రోజూ పొద్దున్నే ఆయనకు ఇన్సులిన్ ఇచ్చేది నేనే.

బల్లకు అవతల ఒక డాక్టరు, ఒక మేట్రన్ కూర్చున్నారు. ఇంజెక్షన్ చేయడం వచ్చా అని డాక్టరు ఇంగ్లీషులో అడిగారు.

"ఐ లర్న్‌డ్ ఇన్ ఫోర్టీన్ ఇయర్స్, సర్," అన్నాను.

ఆయన నా దరఖాస్తు మళ్ళీ చూసి హిందీలోకి దిగారు. "నేర్చుకోవడానికి పద్నాలుగేళ్ళు పట్టిందా? అంటే నాలుగేళ్ళ పిల్లప్పుడే మొదలుపెట్టావా?"

ఆ గొంతులో నవ్వు లేదు. నేను అబద్ధమాడుతున్నాననుకున్నారు. తప్పెక్కడుందో తెలియక అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆయన దరఖాస్తు పక్కకు నెట్టేశారు.

అప్పుడు మేట్రన్ ముందుకు వంగారు. "బేటీ, హిందీలోనే చెప్పు. ఎప్పుడు నేర్చుకున్నావు?"

"చౌదా సాల్ కీ ఉమర్ మే, సిస్టర్," అన్నాను, పద్నాలుగేళ్ళ వయసులో అని.

"అలాగా! అయితే 'ఇన్' కాదమ్మా, 'ఎట్'. 'ఎట్ ద ఏజ్ ఆఫ్ ఫోర్టీన్' అనాలి. 'ఇన్' అంటే అన్నేళ్ళు పట్టిందని."

డాక్టరుకు ఇంకా నమ్మకం కుదరలేదు. గాజు సిరంజి ఎంతసేపు మరిగిస్తావు, సూది ఎక్కడ గుచ్చుతావు, చోటు ఎందుకు మారుస్తావు అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అన్నిటికీ జవాబు చెప్పాను. చివరికి దరఖాస్తు ముందుకు లాక్కుని ఏదో రాసుకున్నారు.

వారం తర్వాత గేటు దగ్గర ఎంపికైనవాళ్ళ జాబితా అంటించారు. నా పేరు కింది నుంచి రెండోది. అక్కడిదాకా ఊపిరి బిగబట్టే చదివాను.